ఎమ్మిగనూరు సర్వ్

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన ఎప్పుడూ తప్పు చేయరు.

నేను పెళ్లై ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో గోడ గడియారం తప్పింది, వాతావరణ శాఖ తప్పింది, టీవీలో అంపైర్లు లెక్కలేనన్ని సార్లు తప్పారు. మామగారు తప్పలేదు. ఒకసారి ఆదోని స్టేషన్‌లో గుంతకల్లు బండి అనుకుని రాయచూరు బండి ఎక్కారు. రాయచూరులో దిగి ఫోన్ చేశారు.

"వసంతా, ఈ రైల్వేవాళ్లకు బుద్ధి లేదమ్మా. బండిని వెనక్కి తోలినారు."

అసలు చిక్కు ఏమిటంటే, పత్తి విషయంలో ఆయన నిజంగానే తప్పరు. ఆదోని మార్కెట్ యార్డులో గురురాజ అంటే అందరికీ తెలుసు. రాశిలోంచి చిటికెడు దూది తీసుకుని, బొటనవేలికీ రెండు వేళ్లకీ మధ్య మెలేసి, మెల్లగా లాగి, పోగు పొడవు అంచనా కట్టి, "పింజ ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు" అంటారు. తర్వాత మిల్లులో మెషీన్ పెట్టి కొలిస్తే ఇరవై తొమ్మిదే వస్తుంది. నలభై ఏళ్లుగా ఇదే వరస. అలాంటి వేళ్లున్న మనిషికి మిగతా లోకం కూడా ఆ వేళ్ల మధ్యే ఉన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఆ లోకంలో టెన్నిస్ ఒకటి. కుర్రతనంలో ఆయన ఊళ్లో క్లబ్బు కప్పు గెలిచారు. ఆ కప్పులో ఇప్పుడు మా అత్తమ్మ కస్తూరమ్మ పిన్నీసులు వేసుకుంటుంది. కప్పు గెలిచిన మనిషికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా ఆయన, పదేళ్లప్పుడే కళ్లు కనబడటం లేదని చెప్పి తప్పించుకున్నారు. చిన్నవాడు, మా మరిది శ్రీకర్, దొరికిపోయాడు.

"బలమంతా భుజంలో ఉండాల. కొట్టు!" అని ఏడేళ్ల పిల్లవాడి చేతికి రాకెట్ ఇచ్చారట. వాడు కొట్టాడు. బంతి నెట్‌కు తగిలింది, గోడకు తగిలింది, ఒకసారి క్లబ్బు సెక్రెటరీకి తగిలింది. ప్రతిసారీ మామగారి తీర్పు ఒక్కటే.

"ఒంట్లో బలం లేదు వీనికి."

అలా ఇరవై ఏళ్లు గడిచాయి. మా మరిది ఇప్పుడు ఆరడుగులు ఉంటాడు. పత్తి బస్తాలను పెళ్లివారి సూట్‌కేసుల్లాగా పక్కకు జరుపుతాడు. తన ఒంట్లో బలం లేదని మాత్రం మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

కిందటేడు జూన్‌లో క్లబ్బులో మిక్స్‌డ్ డబుల్స్ పోటీలు పెట్టారు. శ్రీకర్‌తో ఆడాల్సిన అమ్మాయికి జ్వరం వచ్చింది. ఒకప్పుడు కాలేజీలో షటిల్ ఆడిన పాపానికి నన్ను పట్టుకెళ్లి నిలబెట్టారు. నా పని నెట్ దగ్గర కంగారు పడకుండా ఉండటం. మొదటి రౌండ్‌లో మాకు ఎదురుగా ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఇద్దరు. ఒక స్కూల్లో ఆటల టీచరు పావని, అదే స్కూల్లో లెక్కల టీచరు వరుణ్.

పావని సర్వ్ చేయడానికి గీత దగ్గరికి వచ్చింది. నాకంటే పొట్టి. నేను ధైర్యంగా ఒక అడుగు ముందుకు వేశాను. ఆ ఆటలో నేను చూపించిన ధైర్యం అంతే.

ఆమె ఎడమ చెయ్యి చాచి, అటక మీద డబ్బా పెట్టినంత నిదానంగా బంతిని గాలిలో పెట్టింది. విసరలేదు, పెట్టింది. బంతి తిరగలేదు. దాని మీద రాసిన కంపెనీ పేరు చదవొచ్చు, అంత కుదురుగా పైకి పోయింది. ఈలోపు ఆమె మోకాళ్లు వంగాయి. భుజాలు మాకు వీపు చూపించేంతగా తిరిగాయి. రాకెట్ వీపు వెనక్కి జారింది. ఆ ఒక్క క్షణం ఆమె ఒళ్లంతా మెత్తగా, ఏ తొందరా లేనట్టుగా ఉంది. తర్వాత పాదాలు నేలను తన్నాయి. ఆ తన్ను నడుముకు అందింది, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి. అందరూ ఒకరికొకరు అందించుకుని అందించుకుని, చిట్టచివర ముంజెయ్యి బయటికి తిరిగి, మణికట్టు తడిబట్ట విదిలించినట్టు ఒక్క విదిలింపు.

ఠప్.

నేను బంతిని చూడలేదు. వెనక కట్టిన తెర ఊగడం చూశాను.

"ఏమైంది శ్రీకర్?"

"పాయింట్ పోయింది వదినా."

"ఎప్పుడు?"

బయట కుర్చీలోంచి మామగారి గొంతు లేచింది. "గీత తొక్కింది! ఫుట్ ఫాల్ట్!"

అంపైరు దేవేంద్రప్పగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. "తొక్కలేదు గురురాజా" అన్నారు.

"తొక్కింది. అయినా అది సర్వా? మణికట్టు గారడీ. భుజం యాడ కదిలింది ఆ పాపకు?"

పావని రాకెట్ చంకలో పెట్టుకుని గీత వైపు చూపించింది. పొద్దున్నే పోసిన సున్నం చెక్కు చెదరలేదు. ఆమె బూటు గుర్తు దానికి రెండంగుళాల వెనక ఉంది.

"పెద్దాయనా, ఒకసారి వచ్చి చూడండి."

"నాకు ఈడ నుంచే బాగా కనపడతాది" అన్నారు మామగారు, కుర్చీలోంచి లేవకుండా.

ఆమె రెండు క్షణాలు ఆయన వంక చూసింది. చిన్నగా నవ్వింది. తర్వాతి సర్వ్‌కు పూర్తిగా ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది. ఆ సర్వ్ మొదటిదానికంటే వేగంగా వచ్చింది.

మేం ఆరు-సున్నా, ఆరు-ఒకటితో ఓడిపోయాం. ఆ ఒకటి కూడా వరుణ్ బూటు లేసు ఊడిపోవడం వల్ల వచ్చింది. శ్రీకర్ రెండో సర్వ్ కూడా నెట్‌లో కొట్టి పదకొండు డబుల్ ఫాల్టులు చేశాడు. ఆట అయ్యాక నీళ్ల కుళాయి దగ్గర పావని మా వైపు వచ్చింది.

"ఏమనుకోకపోతే ఒకటి అడగొచ్చా?"

"అనుకుంటాను. అయినా అడగండి" అన్నాడు శ్రీకర్.

"బంతిని ఎగరేసే ముందు ఎందుకు మెలేస్తారు?"

"నేనా? నేను మెలెయ్యను."

"మెలేస్తారు. ఇట్ల." బొటనవేలు, రెండు వేళ్లు దగ్గర పెట్టి మెలేసి చూపించింది. నాకు నవ్వాగలేదు. ఆ వేళ్లను నేను రోజూ ఇంట్లో చూస్తాను. చిటికెడు పత్తి పింజ చూసే వేళ్లు అవి. తండ్రి మార్కెట్ యార్డులో నేర్పింది కొడుకు టెన్నిస్ కోర్టులో కూడా చేస్తున్నాడు. పాపం, బంతి పింజ ఎంతో చూసి మరీ ఎగరేస్తున్నాడు.

"ఆ మెలికకు బంతి తిరిగి తల మీదికి పోతాంది. మీరు దాని కింద దూరి కొడతాండారు" అంది పావని.

"ఎట్ల కొట్టినా పోదులెండి. నా ఒంట్లో బలం లేదు."

పావని అతణ్ణి బూట్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది.

"మీకా? మీరు పట్టుకున్న పట్టుకు ఆ రాకెట్ పిడి అరవాల. బలం ఎక్కువై కష్టపడతాండారు మీరు."

ఇరవై ఏడేళ్లలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. చేతిలో సీసా వంగిపోయి నీళ్లు బూట్ల మీద పడుతున్నా శ్రీకర్‌కు తెలియలేదు. నాకు తెలిసింది.

ఆ మరుసటి సోమవారం నుంచి మా మరిదికి ఎమ్మిగనూరు అవతలి నందవరం పత్తి రైతుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున ఐదున్నర బస్సుకు బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా చెమటతో వచ్చేవాడు. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, బొరుగుల ఉగ్గాని రెండు డబ్బాల్లో పెట్టవా?"

"రెండోది ఎవరికి?"

"రైతుకు."

"రైతు పేరు?"

శ్రీకర్ స్టవ్ వంక చూశాడు, పోపుల డబ్బా వంక చూశాడు. "చెప్తే నవ్వుతావు."

"చెప్పకపోతే బజ్జీలు పెట్టను."

"...పావని."

నేను నవ్వలేదు. నాలుగు బజ్జీలు ఎక్కువ పెట్టాను. అప్పటినుంచి జరిగిందంతా నాకు శ్రీకర్ చెప్పాడు. అతను చెప్పనివి తర్వాత పావని చెప్పింది.

పాఠాలు ఎమ్మిగనూరులో, నందవరం రోడ్డు మీద ఉన్న ఆమె స్కూలు గ్రౌండులో. మొదటి వారం బంతిని కొట్టనివ్వలేదు.

"దోసె పెనం పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఇది పెనం కాదు, గొడ్డలి. కట్టె కొట్టేటప్పుడు అంచు కదా ముందుండేది? అట్ల పట్టుకోండి."

"అంచు ముందుంటే బంతికి అంచే తగులుతాది కదా?"

"తగలదు. తగిలే ముందు ముంజెయ్యి దానంతట అది తిరుగుతాది. తిప్పొద్దు, తిరగనియ్యండి."

"నాకూ దానికీ అంత నమ్మకం లేదు మేడం."

రెండో వారం గంప తెచ్చి అతని ఎడమ కాలికి కాస్త ముందు పెట్టింది. బంతి ఎగరేసి వదిలేస్తే నేరుగా గంపలో పడాలి. మొదటి రోజు వంద బంతుల్లో మూడు పడ్డాయి. వేళ్లు వాటంతట అవే మెలేస్తున్నాయి.

"వేళ్లతో కాదు సారూ. చెయ్యంతా భుజం కాడి నుంచి లేవాల. కంటి ఎత్తుకు వచ్చినాక వేళ్లు తెరుచుకోవాల, అంతే. బంతిని కొనేది లేదు, అమ్మేది లేదు. పోనీయండి."

మూడో వారానికి వందలో డెబ్బై పడ్డాయి. పట్టు మాత్రం వదలలేదు. సర్వ్ చేసే క్షణానికి అతని చెయ్యి ఇనుప కడ్డీ అయ్యేది. పళ్లు బిగిసేవి. అప్పుడు పావని అతణ్ణి ఇంటికి తీసుకుపోయింది.

వాళ్ల నాన్న ఆదెప్పది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాడు. కాలితో కింద చెక్క తొక్కగానే దారాలు విడిపోతాయి. కుడిచేత్తో తాడు పిడిని ఒక్క విదిలింపు విదిలిస్తే నూలు కండె మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది. పావని శ్రీకర్‌ను అక్కడ కూర్చోబెట్టింది. ఆరడుగుల మనిషి, మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"లాగప్పా" అన్నాడు ఆదెప్ప.

మా మరిది తన నాన్న నేర్పినట్టు, బలమంతా భుజంలోకి తెచ్చుకుని లాగాడు. నాడె మగ్గం దాటి ఎగిరి గోడకు కొట్టుకుని, టీ తెస్తున్న పావని వాళ్లమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆమె టీ గ్లాసులు కింద పెట్టి, నాడె తీసి మొగుడి చేతికిచ్చి, మళ్లీ గ్లాసులు తీసుకుంది.

"అంత కోపమెందుకప్పా దాని మీద? అది నీకేం చేసింది?" అన్నాడు ఆదెప్ప. "చెయ్యి వదులు. గట్టిగా పట్టుకుంటే నీ బలం నీ కాడే ఉండిపోతాది. నాడెకు యాడ పోతాది? కాలు తొక్కు. ఊఁ. ఇప్పుడు విదిలించు."

అతను వేళ్లు సడలించి విదిలించాడు. నాడె నీళ్లలో చేపలా అటు పోయింది. మళ్లీ విదిలిస్తే ఇటు వచ్చింది. శ్రీకర్ తల ఎత్తి పావనిని చూశాడు.

"నువ్వు సర్వ్ ఈడ నేర్చుకున్నావా?"

"ఆరేళ్లప్పుడు. రాకెట్ పట్టింది పదేళ్లకు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టు టీ తాగారు.

అంతా సాఫీగా పోతుంటే, జూలైలో ఒక పొద్దున శ్రీకర్ బస్సు దిగుతూ ఎమ్మిగనూరు బస్టాండులో ఒక దృశ్యం చూశాడు. వరుణ్ బైకు, వెనక పావని, ఆమె చెయ్యి వరుణ్ భుజం మీద. మా మరిది అదే బస్సులో వెనక్కి వచ్చేశాడు. రెండు రోజులు ఇల్లు కదల్లేదు.

"నందవరం రైతులు ఏమయ్యారు?" అని అడిగాను.

"పోయినారు."

"యాడికి?"

"వేరేవాళ్ల బండెక్కి."

మూడో రోజు నాకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను పావనిని. శ్రీకర్ సారుకు జ్వరమా?"

"జ్వరం కాదమ్మా, వరుణ్."

ఆమె నవ్విన నవ్వుకు ఫోన్ చెవికి దూరం పెట్టుకోవాల్సి వచ్చింది. "వరుణ్ మా పెదనాయన కొడుకక్కా! నాకు అన్న!"

"మరి ఆ మాట నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

"నేనే చెప్తా. ఒక దినం ఆగి చెప్తా."

ఆ పిల్ల నాకు తోటికోడలుగా రావాలని నేను అప్పుడే తీర్మానించుకున్నాను.

ఒక రోజు ఆగి ఫోన్ చేసి చెప్పింది, శ్రీకర్ మళ్లీ బస్సెక్కాడు. ఆ రోజే వాన వచ్చింది. ఎమ్మిగనూరులో వాన ఎప్పుడూ అడిగి రాదు, వస్తే చెప్పి పోదు. శ్రీకర్ అప్పుడే తన జీవితంలో మొదటి మంచి సర్వ్ కొట్టాడు. చేతికి తగిలినట్టే లేదట, శబ్దం మాత్రం వచ్చిందట. ఆ బంతి అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చేలోపు ఇద్దరూ తడిసిపోయి స్కూలు వరండాలోకి పరిగెత్తారు.

"చూసినావా?" అన్నాడు.

"చూసినా."

"నా ఒంట్లో బలం ఉందంటావా?"

"మొదటి దినమే చెప్పినా కదా. నువ్వే నమ్మలేదు."

"పావనీ, ఒకటి చెప్పాల."

"చెప్పు. వానకు వినపడకపోతే ఇంకోసారి చెప్పాల్సి వస్తాది, చూసుకో."

చెప్పాడు. వినబడలేదంది. మళ్లీ చెప్పాడు. రెండోసారీ వినబడలేదంది. మూడోసారి అరిచాడు. స్కూలు వాచ్‌మన్ గిడ్డయ్య గేటు దగ్గరి నుంచి, "వినపడిందంట సార్, నాకు గూడా వినపడింది" అన్నాడు.

పావని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, జడ పిండుకుంటూ అడిగింది.

"మీ ఇంట్లో?"

"అమ్మ ఒప్పుకుంటాది. అన్న ఒప్పుకుంటాడు. వదినకు నువ్వంటే నాకంటే ఎక్కువ ఇష్టం. నాయన గూడా మగ్గమోళ్లు, షావుకార్లు అని చూసే మనిషి కాదు."

"ఒప్పుకునేది కాదు శ్రీకర్. మీ నాయన ఎప్పుడన్నా 'తప్పు నాది' అన్నాడా?"

శ్రీకర్ ఆలోచించాడు. వాన పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. అతను ఇంకా ఆలోచిస్తున్నాడు.

"లేదు" అన్నాడు చివరికి.

"ఆ దినం గీత మీద సున్నం అట్లనే ఉంది. వచ్చి చూడమంటే ఆయన కుర్చీలోంచి లేయలేదు. ఆట కాబట్టి ఒక అడుగు వెనక్కి పోయి కొట్టినా. ఇంట్లో ఎన్ని అడుగులు పోయేది? ఒక దినం పప్పు కాడ, ఒక దినం మాట కాడ, ఒక దినం మా నాయన కాడ. తొక్కని గీత తొక్కినానని దినమ్మూ ఒప్పుకుంటా బతకలేను నేను."

"నాయన చెడ్డోడు కాదు పావనీ."

"కాదు. అందుకే అడుగుతాండా. ఒక్కసారి, దేని గురించన్నా సరే, ఆయన నోటితో ఆయనే అననీ. నువ్వు చెప్పించొద్దు, అడిగించొద్దు. ఆ మరుసటి దినమే మా నాయన కాడికి రా. అంతదాకా నేను నీకు సర్వ్ నేర్పించే టీచర్‌ను, అంతే."

శ్రీకర్ ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"అయిపోయింది వదినా. సూర్యుణ్ణి పడమర పుట్టించమనింటే సులభంగా ఉండేది."

అప్పటినుంచి మేమిద్దరం మామగారి వెనక కాపలా కాశాం. ఆయన కాఫీలో ఉప్పు వేసుకున్నారు. ఉప్పు డబ్బా చక్కెర డబ్బా పక్కన ఎందుకుంది అన్నారు. ఎవరికో ఫోన్ చేయబోయి ఇంకెవరికో చేశారు. "వాడు తప్పు ఫోన్ ఎత్తినాడు" అన్నారు. ప్రతిసారీ శ్రీకర్ నా వంక, గెలవాల్సిన పాయింట్‌లో బంతి నెట్‌కు తగిలి ఇటే పడినవాడిలా చూసేవాడు. సెప్టెంబరు గడిచింది, అక్టోబరు వచ్చింది.

ఇక లాభం లేదని నేనొక చిన్న పని చేశాను. మామగారితో షరతు సంగతి చెప్పలేదు. ఎమ్మిగనూరులో మగ్గం దగ్గరే అత్తమ్మకు చీర కొందామన్నాను, అంతే.

"నూలు మంచిదో కాదో మీరు చూస్తే తప్ప నాకు తెలియదు మామయ్యా."

"అది నిజమే" అన్నారు మామగారు.

ఆదివారం పొద్దున కారు నేనే నడిపాను. నేను గేర్లు తప్పు వేస్తున్నానని ముప్పై కిలోమీటర్లు విన్నాను. ఆయన కుడి భుజం నిమురుకుంటూనే ఉన్నారు. ఆ నొప్పి ఏళ్లనాటిది. బామ్ కంపెనీవాళ్లు సరిగ్గా చేయకపోవడం వల్ల తగ్గడం లేదు.

ఆదెప్ప ఇంట్లో మామగారు పడుగు నూలును ముట్టుకుని, ఒక పోగు మెలేసి, దాని సన్నదనం ఎన్నో కౌంటో చెప్పారు. ఆదెప్ప చేతిలో పని ఆగిపోయింది.

"షావుకారుకు కండ్లు వేళ్లల్లో ఉన్నట్టుండాయే!"

"నీ నేత గూడా తక్కువేం లేదు. నెయ్యి, చూస్తా."

ఆదెప్ప నేశాడు. మామగారు నిలబడి చూశారు. చీర సంగతి మర్చిపోయారు. పది నిమిషాల తర్వాత అడిగారు.

"ఎన్నేండ్లు నీకు?"

"అరవై రెండు. పన్నెండో ఏట కూసున్నా ఈ గుంటలో."

"దినానికి ఎన్ని తూర్లు లాగుతావు?"

"ఎవురు లెక్క పెట్టినారన్నా? వేలు."

"భుజం నొప్పి లేదా?"

ఆదెప్ప నవ్వాడు. "భుజంతో నేస్తే కదన్నా నొచ్చేది. కాలు తొక్కుతాది, నడుము అందిస్తాది, చెయ్యి ఊరికే విదిలిస్తాది. భుజానికి ఈడ పనే లేదు. కూసుంటావా?"

మా మామగారు పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగారు. మొదటిసారి భుజంతో లాగారు. నాడె సగం దాకా పోయి ఆగిపోయింది. మగ్గం సరిగ్గా లేదంటారేమోనని ఎదురుచూశాను. ఆయన వేళ్లు కొంచెం వదులు చేసి మళ్లీ విదిలించారు. నాడె ఆ కొసకు పోయింది. ఆయన తన చేతి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసుకున్నారు.

"మా పాప గూడా ఇట్లనే కొడతాది, టెన్నిసు బంతిని" అన్నాడు ఆదెప్ప. "బడిలో ఆటల టీచరు. ఇప్పుడు గ్రౌండులోనే ఉంటాది. ఎవురో ఆదోని పిల్లోనికి నేర్పిస్తాంది. మొదట్లో నా నాడెను గోడకేసి కొట్టినాడు గానీ, మంచోడు."

నేను చీర అంచు మీద పువ్వులు చాలా శ్రద్ధగా లెక్కపెట్టాను. మామగారు నా వంక చూశారు. "పద" అన్నారు.

గ్రౌండు గేటు దగ్గర ఆయన నన్ను చెయ్యెత్తి ఆపారు. శ్రీకర్ వీపు మా వైపు ఉంది. అవతల పావని. అతను బంతిని గాలిలో పెట్టాడు. అది తిరగలేదు. మోకాళ్లు వంగాయి, పాదాలు నేలను తన్నాయి, ఆరడుగుల మనిషి నిలువునా లేచాడు. ఠప్. ఇంకోటి. ఇంకోటి. ఆరు సర్వ్‌లు వరసగా లోపల పడ్డాయి. పావని ఒక్కదాన్నే అందుకోగలిగింది. మామగారు గేటు ఊచ పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఇరవై ఏళ్లలో కొడుకు సర్వ్‌లు ఇలా వరసగా లోపల పడగా ఆయన చూడటం అదే మొదలు.

పావని మమ్మల్ని చూసి ఆగిపోయింది. శ్రీకర్ వెనక్కి తిరిగాడు. చేతిలో బంతి జారిపోయింది.

"నాయనా... అదీ... నందవరం రైతు..."

"చూసినాలే రైతును. ఇంకోటి కొట్టు."

కొట్టాడు. తండ్రి కళ్ల ముందు చెయ్యి మళ్లీ కడ్డీ అయింది. బంతి నెట్‌లో పడింది. ముగ్గురం ఆ పాత మాట కోసం ఎదురుచూశాం. రాలేదు.

"ఇంకోటి" అన్నారు మామగారు, మెత్తగా.

శ్రీకర్ కళ్లు మూసుకుని తెరిచాడు. వేళ్లు సడలించాడు. ఈసారి బంతి లోపల పడి, ఎగిరి, అవతలి గోడను తాకింది.

మామగారు కోర్టులోకి నడిచారు. పావని ముందు ఆగారు.

"ఏం నేర్పించినావమ్మా వీనికి?"

"కొత్తగా ఏమీ ఇయ్యలేదు సార్. బలం ఆయనదే. అడ్డం ఉన్నవి తీసేసినా."

"అడ్డం అంటే?"

పావని శ్రీకర్ వంక చూసింది. 'ఏమీ లేదులెండి' అనడం చాలా తేలిక. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.

"పట్టు సార్. బంతిని మెలేసే వేళ్లు. బలమంతా భుజంలో ఉండాలనే మాట."

ఆ మూడూ ఎవరు నేర్పారో అక్కడ అందరికీ తెలుసు. మామగారు నేల వంక చూశారు. నా మనసులో సాకులు వరసకట్టి నిలబడ్డాయి. ఆ కాలపు కట్టె రాకెట్లు, క్లబ్బు కోర్టులో రాళ్లు, నేను వేసిన గేర్లు. ఆయన ఏ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. కొడుకు దగ్గరికి వెళ్లి ఏదో గొణిగారు.

"ఏంది నాయనా? వినపడలేదు."

మామగారు తలెత్తారు. మార్కెట్ యార్డులో ఆ కొస నుంచి ఈ కొసకు ధర చెప్పే గొంతు అది.

"ఒంట్లో బలం లేదు, బలం లేదు అని ఇరవై ఏండ్లు నలుగురి ముందరా అంటి కదరా నిన్ను. బలం నీ కాడ ఉన్నింది. నేనే దాన్ని బయటికి పోనీకుండా నేర్పించినా. తప్పు నీది కాదు శ్రీకర్. నాది. నేనే తప్పు."